పల్లమెరిగిన వరి

దోహా నగరపు నడిబొడ్డున ముషైరిబ్ అను పేట కలదు. నేడచ్చట లేతవన్నె గోడల భవనములును, ఒకదాని నీడ మరియొకదానిపై పడునట్లు దగ్గరదగ్గరగా తీర్చిన వీథులును, మూడు మెట్రో మార్గములు కలసికొనెడి స్టేషనును కన్పట్టుచున్నవి. 2010 ప్రాంతమున పాతపేటను పడగొట్టి క్రొత్తది కట్టుటకు పూనుకొనక మునుపు, నగరమున మొట్టమొదట విద్యుద్దీపములు వెలిగిన కహ్రబా వీథి చుట్టును అల్లుకొనిన చిన్న అంగళ్ళును, పరదేశపు కూలీలు ఇరుకిరుకు గదులలో తలదాచుకొనిన ఇండ్లును అచ్చట నుండెడివి. ఆ యిండ్లకును పూర్వము అది యొక పొడివాగు. వాదీ ముషైరిబ్ అని నేటికిని ఒక వీథికి నిలిచియున్న పేరు ఆ వాగుదే. ఏడాది మొత్తముమీద మూడంగుళముల వానయైనను నికరముగా కురియని ఆ దేశమున, కురిసిన దినమున మాత్రము మెరకలమీది నీరంతయు ఒక్కుమ్మడి ఈ వాగులోనికి దిగి సముద్రపు త్రోవ పట్టెడిది. 2018 అక్టోబరులో సంవత్సరమంతయు కురియవలసిన వాన ఒక్క దినముననే కురిసినప్పుడు, దోహా వీథులును సొరంగమార్గములును చెరువులై, కార్లు తేలియాడినవి. నీరు పల్లమెరుగునన్న సామెత ఎడారికిని వర్తించునని ఆనాడు అందరికిని తెలిసివచ్చినది.

ఖతర్ ద్వీపకల్పమున నది యనునది లేదు. సున్నపురాతి నేల నడుమ అక్కడక్కడ కొంచెము లోతుగా దిగిన పల్లములు మాత్రము కలవు, వానిని రౌదాలందురు. వానలకు చుట్టుప్రక్కల మెరకలనుండి నీరును, నీటితోపాటు సన్నని ఒండ్రును వచ్చి ఆ పల్లములలో చేరును. నీరింకినచోట గడ్డి మొలచును, ఒంటెలు మేయును, బావి త్రవ్విన కొంత మంచినీరు పడును, ఖర్జూరపు చెట్టు బ్రతుకును. ఆ దేశపు కొద్దిపాటి వ్యవసాయమంతయు తరతరములుగా ఇట్టి పల్లములనే వెదకికొని సాగినది. వరి మాట యచ్చట లేదు. ముత్యపుచిప్పల వేటతో జనులు బ్రతికిన కాలమున బియ్యము హిందూదేశపు రేవులనుండి ఓడలమీద వచ్చెడిది. దానిని కొన్న నాణెమును మన రూపాయియే, 1966 వరకును ఏదో యొక రూపమున అదియే యచ్చట చెల్లినది. చమురు వచ్చిన తరువాత రూపాయి పోయినదికాని బియ్యము పోలేదు. ఇప్పుడు ఆ నగరమున తెలుగువారు సరకులు కొనెడి యే యంగడిలో చూచినను సోనా మసూరి బస్తాలు కనబడును. ఆ మసూరి వంశమునకు చెందిన మరియొక ధాన్యపు కథయే నేను చెప్పబోవునది.

ఆ నగరమున కూలికిని కొలువునకును చేరిన తెలుగువారిలో కరీంనగరము, నిజామాబాదు సీమలవారితో పాటు గోదావరి డెల్టావారును పలువురు కలరు. పల్లపు నేల భాగ్యమని తలచెడి దేశమునకు వీరు వచ్చినది, పల్లపు చేను శాపమని తలచెడి సీమనుండి. మెరకచేను కలవానికి కాలువనీరు అందునో అందదో యను దిగులు. పల్లపుచేను కలవానికి వచ్చిన నీరు పోవునో పోదో యను దిగులు. ఆషాఢ శ్రావణములలో ఊడ్పులు ముగిసి, నాటిన ఆకు ఇంకను వేరు పట్టుచున్న దినములలో, పైన వాన, ప్రక్కన గోదావరి, ఎదుట సముద్రపు పోటు మూడును కూడినప్పుడు, చేలు కనుచూపుమేర ఎర్రనీటి క్రింద మాయమగును. అట్టి నీటి క్రింద వరిమొక్క యేమి చేయుచున్నదో ఎవ్వరికిని తెలియదు. నీరు తీసిన పిమ్మట బురదలో చదికిలబడిన కుళ్ళిన ఆకును మాత్రమే రైతు చూచెడివాడు.

ఈ ముంపు దైవికమని సరిపెట్టుకొనుట కొంతవరకే న్యాయము. 1832–33లో, నందననామ సంవత్సరమున, గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువును, దాని వెనువెంట గోదావరి సీమలో వచ్చిన తుపానులను, వలసలను, ఆదాయపు పతనమును చూచిన తరువాతనే కుంపిణీవారికి నీటిమీద దృష్టి మరలినది. ఆర్థరు కాటన్ దొర 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించెను. అంతటితో డెల్టాలో వరికి నీటికొరత తీరినది. కాలువ పోయిన ప్రతియూరును సార్వా పంటకు పుట్టినిల్లయ్యెను. కాని నీటిని తెచ్చుట యొక విద్య, నీటిని పంపివేయుట మరియొక విద్య. మొదటి విద్యయందు ప్రభుత్వమువారు చూపిన యుత్సాహము రెండవదానియందు చాలకాలము చూపలేదు. అందులకు కారణమును దూరము పోయి వెదకనక్కరలేదు: కాలువనీటికి తీరువ వచ్చును, మురుగునీటికి ఎవడును తీరువ కట్టడు. ఈ లోపమును సవరించుటకే కాబోలు, 1960ల నడుమ మిత్రా కమిటీవారు డెల్టా మురుగుకాలువల స్థితిగతులను విచారించిన పిమ్మట, 1968లో డ్రైనేజీ సెస్సునకు చట్టము పుట్టినది. సెస్సు పుట్టినంత సులువుగా కాలువలు పుట్టలేదు.

డెల్టా నేలకు వాలు మిక్కిలి తక్కువ. పశ్చిమమున మురుగునీటిలో కొంత కొల్లేటికి చేరును. కొల్లేటినుండి సముద్రమునకు ఉప్పుటేరు ఒక్కటే త్రోవ. ఆ త్రోవ పూడినను, సముద్రము పోటుమీద నున్నను, నీరు వెనుకకు తన్ని చేలమీద నిలుచును. కోనసీమలో మురుగుకాలువలు తిన్నగా సముద్రమున కలియునుగాని అచ్చటను ఆటుపోటులదే పెత్తనము. ఇది యేటేట వచ్చెడి ముంపు. నదియే గట్లు దాటి వచ్చినప్పటి మాట వేరు: 1986 ఆగస్టు 16న ధవళేశ్వరము వద్ద ముప్పది అయిదు లక్షల క్యూసెక్కులు ప్రవహించి, గండ్లు పడి, లంకలు, ఊళ్ళు, చేలు ఏకమైనవి. అట్టి వరదను తట్టుకొను వంగడమును బ్రహ్మదేవుడును పుట్టింపలేడు. మనము చెప్పుకొనుచున్నది వారము, పదిదినములు, రెండు వారములు చేనిపై నిలిచి పోయెడి నీటిని గురించి.

ఆ నీటికి పాతకాలపు రైతులకు తెలిసిన విరుగుడులు కొన్ని యుండెడివి. పొడవుగా పెరిగెడి పాతరకములు, అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటివి, మోకాటిలోతు నీటిలోనైనను తలయెత్తుకొని నిలుచునవి. పడిపోవుటయు, తక్కువ పండుటయు వాని లోపములు. ఆకుమడిలో అవసరమునకు మించి ఆకు పోసికొని, మొదటి ఊడ్పు మునిగి చచ్చినచో ముదురాకుతో మరల నాటుట ఒక విరుగుడు. లోతు చేనిలో ఆకు దగ్గరదగ్గరగా గుచ్చుట యింకొకటి. ఇవన్నియు నష్టమును పంచుకొను ఉపాయములేగాని నష్టమును తప్పించునవి కావు.

పశ్చిమగోదావరిలో పెనుగొండకు దాపున మారుటేరను ఊర 1925లో వరి పరిశోధనస్థానము వెలసినది. ఎం.టి.యు. అను మూడక్షరములు తగిలించుకొని వచ్చిన రకములన్నియు అచ్చటివే. అందులో 7029వ సంఖ్య గలది వశిష్ఠ, మసూరి అను రెండు రకముల సంకరము. 1982లో స్వర్ణ యను పేరున విడుదలయ్యెను. అదియే యేట ధవళేశ్వరమున పాత ఆనకట్టకు బదులుగా క్రొత్త బ్యారేజీ ముగిసినదని చెప్పుదురు. స్వర్ణ పొట్టిది, గాలికి పడదు. నూటయేబది దినములకు పండును. ఎక్కువ ఎరువు కోరదు. దుబ్బు కట్టుటలోను, గింజ నింపుటలోను దానికి సాటి తక్కువ. విడుదలైన కొలది సంవత్సరములకే అది డెల్టా హద్దులు దాటి ఒడిశాకును, వంగదేశమునకును, బీహారునకును ప్రాకి, ఏ ప్రభుత్వపు సిఫారసును లేకుండనే బంగ్లాదేశపు సరిహద్దును కూడ దాటినది. తూర్పు భారతమున పల్లపు సాగునకు అంతగా నచ్చిన రకము మరియొకటి లేదనుట అతిశయోక్తి కాదు. అంతటి స్వర్ణకును ఒక్కటే బలహీనత: పూర్తిగా మునిగి వారము దాటినచో చచ్చును. పొట్టిగా నుండుటచేతనే అది గాలికి నిలిచినది. పొట్టిగా నుండుటచేతనే త్వరగా మునిగినది.

మునిగిన మొక్క యెట్లు చచ్చును? వరి నీటిలో పెరుగు పైరే కదా, నీరు దానికి శత్రువెట్లయ్యెనని అడుగవచ్చును. వరివేళ్ళు నీటిలో నుండుటకు అలవాటు పడినవే. కాండమునను వేళ్ళయందును గాలి నడచుటకు సన్నని గొట్టములు వంటి ఖాళీలు కలవు, ఆకు పీల్చిన ప్రాణవాయువు వానిగుండ వేరుకొన వరకును దిగును. మొక్కజొన్నకును మినుమునకును ఈ సౌకర్యము తగినంత లేకపోవుటచేతనే అవి మోకాటిలోతు నీటికే కుళ్ళును. వరికి చిక్కు వచ్చునది ఆకుకొన కూడ నీటిలో మునిగినప్పుడు. గాలిలో కంటె నీటిలో వాయువులు పదివేలరెట్లు మందముగా వ్యాపించును. కావున మునిగిన మొక్కకు ప్రాణవాయువు అందదు, ఆహారము తయారుచేసికొనుటకు కావలసిన బొగ్గుపులుసు వాయువును అందదు. బురదనీటిలో వెలుతురు కూడ దిగదు. వండుకొనుటకు దారి లేదు, ఉన్నదానిని సరిగా జీర్ణించుకొనుటకును దారి లేదు. ప్రాణవాయువున్నప్పుడు ఒక చక్కెర అణువునుండి కణమునకు ఇంచుమించు ముప్పది పాళ్ళ శక్తి దక్కును. అది లేనప్పుడు అదే చక్కెరను పులియబెట్టుకొని రెండే పాళ్ళు సంపాదింపగలదు. ఆ పులియుటలో చక్కెర పైరువేటుగా, పైరువేటు ఎసిటాల్డిహైడుగా, ఎసిటాల్డిహైడు సారాయిగా మారును. కల్లుకుండలో ఈతకల్లు పొంగుటకును, మునిగిన వరిమొక్క ప్రాణము నిలుపుకొనుటకును మూలము ఒక్కటే రసాయనక్రియ. ఆ మార్గమున నడచుటకు కావలసిన ఎంజైములను మునిగిన మొక్క గంటలలోనే ఎక్కువగా తయారుచేసికొనును. రెండు పాళ్ళ శక్తికై నిలువయున్న పిండిపదార్థము ఎంత వేగముగా కరగిపోవునో ఊహింపవచ్చును.

అదిగాక బురదలోపల మరియొక మార్పు జరుగుచుండును. నేలలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువు తీరగానే నత్రితములను, పిమ్మట మాంగనీసును, ఇనుమును, గంధకితములను వరుసగా వినియోగించుకొనును. అందుచే నత్రజని గాలిలో కలిసిపోవును, ఇనుము కరిగి వేళ్ళకు విషమగును, గంధకపు దుర్గంధము లేచును. ముంపు తీసిన చేనినుండి వచ్చెడి వాసన తెలియని డెల్టా రైతు లేడు.

ఇంతకంటె చిత్రమైనది ఎథిలీన్ కథ. కాయలను పండించు వాయువుగా దానిని మామిడిపండ్ల వర్తకులు సహితము ఎరుగుదురు. ప్రతి మొక్కయు దానిని కొంచెము కొంచెముగా తయారుచేసి గాలిలోనికి వదలుచుండును. మొక్క మునిగినప్పుడు ఆ వాయువు బయటికి పోలేక లోపలనే పోగుపడును. పోగుపడుటయే మొక్కకు ముంపు వార్త. ఆ వార్త అందగానే ఎదుగుదలను అణచెడి ఆబ్సిసిక్ ఆమ్లము తగ్గును, ఎదుగుదలను రేపెడి జిబ్బరెలిన్ పైచేయి యగును. ఫలితముగా ఆకును కాండమును జరజర సాగును. నీటిపైకి తల తేల్చి గాలి పీల్చుకొనవలెనని దాని యత్నము. బంగ్లాదేశములోను, అస్సాములోను, థాయిలాండులోను నెలలకొలది మనిషిలోతు నీరు నిలిచెడి చోట్ల పండెడి లోతునీటి వరులు ఈ యత్నముననే బ్రతుకుచున్నవి. దినమునకు ఇరువది సెంటీమీటర్లకు పైగా పెరిగి నీటితో పోటీపడగలవు. 2009లో జపానుకు చెందిన అశికారి బృందమువారు ఆ శక్తికి మూలమైన రెండు జన్యువులను పండ్రెండవ క్రోమోజోముమీద కనుగొని వానికి స్నార్కెల్ అని పేరు పెట్టిరి. నీరు నిదానముగా పెరిగి నెలలు నిలుచుచోట ఆ యుపాయము మేలైనది. డెల్టాలో నీరు రెండు దినములలో నిండి పదిదినములలో పోవును. అట్టిచోట స్వర్ణవంటి పొట్టిమొక్క సాగి సాగి, ఉన్న పిండినంతయు ఖర్చుచేసికొని, నీరు తీయునాటికి బలము లేక వాలిపోవును. బ్రతుకుటకై చేసిన యత్నమే దానిని చంపుచున్నదన్నమాట.

ఇందుకు విరుగుడు ఒడిశా పల్లపు రైతుల చేతిలో ఎన్నడో యున్నది. అచ్చట ధలాపుటియా యను ముతకరకపు వరి యొకటి, వారములు మునిగినను చావక, నీరు తీయగానే మరల చిగిర్చెడిది. 1940లలో ఆ దేశవాళీ రకమునుండి ఏరి శుద్ధిచేసిన వంగడమునకు ఎఫ్.ఆర్. 13ఏ అని పేరుపెట్టిరి. ముంపును తట్టునది యని ఆ యక్షరముల భావము. వంగదేశపు కరువు తరువాత, 1946లో, ఆ ఒడిశాలోనే కటకమున కేంద్ర వరి పరిశోధనాలయము ఏర్పడినది. తమాషా యేమనగా, స్వర్ణకు తండ్రియైన మసూరి కూడ ఒడిశాతో చుట్టరికము కలదియే: ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు జపాను వరులకును మన వరులకును సంకరములు చేయింప నెంచి 1950లలో కటకమున సాగించిన కార్యక్రమమునుండి పుట్టి, మలేషియాలో ఎదిగి, 1965లో విడుదలై, తిరిగి ఆంధ్రదేశమునకు చేరినది మసూరి. ఒక్క ఒడిశాతో చుట్టరికమున్న ఈ రెండు వంశములు ఒక్క గింజలో కలియుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టినది.

ఫిలిప్పీన్సు దేశమున లాస్ బాన్యోసునందు 1960లో స్థాపితమైన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు, ప్రపంచపు వరిరకములను తొట్లలో ముంచి పరీక్షించినప్పుడు, తేలిన కొద్ది మొనగాండ్రలో ఎఫ్.ఆర్. 13ఏ యొకటి. దానిని మంచిరకములతో సంకరము చేయ యత్నించినప్పుడెల్లను, ముంపును ఓర్చు గుణముతోపాటు దాని పొడవు, ముతకగింజ, తక్కువ దిగుబడియు వెంటబడి వచ్చెడివి, రైతు ఒల్లకుండెను. గుణమును గుణములగుంపునుండి విడదీయవలెనన్న ముందు అది యెచ్చట నున్నదో తెలియవలెను. 1996లో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ అనువారు అది తొమ్మిదవ క్రోమోజోముమీద ఒక్కచోట కూడియున్నదని చూపి, దానికి సబ్-1 అని పేరిడిరి. పదేండ్లు గడచిన పిమ్మట, 2006లో, వారును పమేలా రోనాల్డ్, జూలియా బైలీ-సెర్రెస్ మున్నగువారును కూడి, ఆ స్థలమున ఒకదాని ప్రక్క నొకటిగా నున్న మూడు జన్యువులలో సబ్-1ఏ యనునదియే ప్రాణాధారమని నిరూపించిరి. జపాను జాతి వరులలో ఆ జన్యువే లేదు. మన జాతి వరులలో పెక్కింట నున్నను బలహీనమైన రూపమున నున్నది. బలమైనదానికిని బలహీనమైనదానికిని భేదము, ప్రోటీనులో ఒక్కచోట ప్రోలీనునకు బదులు సెరీనుండుట. నూరుల ఇటుకలలో ఒక్క ఇటుక మారిన యింతటి తేడా వచ్చునా యనిపించును, వచ్చినది.

సబ్-1ఏ చేయునది యేమి? ఎథిలీన్ తెచ్చిన ముంపు వార్తను అదియును వినును. విని, ఇతర మొక్కలు చేయుదానికి సరిగా ఎదురు చేయును. జిబ్బరెలిన్ ఆజ్ఞను అడ్డగించెడి రెండు ప్రోటీనులను అది పెంచును. మొక్క సాగుట మానును. పిండిపదార్థము కరగుట మందగించును. పులియు మార్గమునకు కావలసిన ఎంజైములు మాత్రము పెరుగును. కరవు వచ్చినదని తెలిసిన గృహస్థు గాదెకు తాళము వేసి, పూటకు చారెడు గింజలతో దినములు వెళ్ళబుచ్చినట్లు, ఆ మొక్క నీటి క్రింద కదలక మెదలక పదునాలుగు దినముల వరకును నిలుచును. 2011లో వెలువడిన పరిశోధనలు మరియొక సూక్ష్మమును తెలిపినవి. మొక్కలలో ఈ కుటుంబపు ప్రోటీనులు ప్రాణవాయువున్నంతసేపు పుట్టగానే విచ్ఛిన్నమగుచుండును. ప్రాణవాయువు తీరినప్పుడే అవి నిలిచి పనిచేయును. మొక్కకు గాలి యున్నదో లేదో తెలియుట ఈ కీలుమీదనే యాధారపడియున్నది. సబ్-1ఏ మాత్రము ఆ విచ్ఛేదమునకు లొంగదట. నీరు తీసిన దినము మరియొక గండము: చీకటిలో మగ్గిన ఆకులమీద ఎండయు ప్రాణవాయువును ఒక్కమారుగా పడి, మంట పెట్టినట్లు కణములను కాల్చును, ఆకులు ఎండి చుట్టుకొనును. ఆ తరుణమునను, ఆ పిమ్మట రాగల బెట్టయందును, సబ్-1ఏ మొక్కను కాచుచున్నదని బైలీ-సెర్రెస్ బృందమువారు చూపిరి.

ఇక స్వర్ణలోనికి సబ్-1 చేర్చిన పనిలో హైదరాబాదు రాజేంద్రనగరపు నాటి వరి పరిశోధన సంచాలనాలయమునకు చెందిన సి. ఎన్. నీరజగారి చేయి గలదు. లాస్ బాన్యోసున ఆమెయు సహచరులును చేసిన యా కృషి 2007లో ప్రకటితమయ్యెను. అది పరజాతి జన్యువును గొట్టముతో ఎక్కించిన పని కాదు. సబ్-1 గల వంగడమును స్వర్ణతో సంకరించి, పుట్టినదానిని మరల మరల స్వర్ణతోనే సంకరించుచు, ప్రతి తరమునందును లేతమొక్కల ఆకునుండి డి.ఎన్.ఏ. తీసి, సబ్-1 ఉన్నదా, దాని యిరుప్రక్కల పాతసామాను ఎంత తగ్గినది, తక్కినదంతయు స్వర్ణయేనా యని గుర్తులనుబట్టి పరీక్షించి, కావలసిన దానిని మాత్రమే ఉంచుకొనిరి. రెండు మూడు తరములలో పని ముగిసినది. 2009లో స్వర్ణ-సబ్1 భారతదేశమున విడుదలయ్యెను. మరుసటి యేడు బంగ్లాదేశమునను. మన సాంబమసూరికిని ఇట్లే సబ్-1 తొడిగిరి. ఒక్కటి మాత్రము స్వర్ణకు పోయినది: పొట్టురంగు. స్వర్ణధాన్యము బంగారువన్నెది, స్వర్ణ-సబ్1 ధాన్యము గడ్డివన్నెది. పొట్టురంగును అణచు జన్యువు సబ్-1కు మిక్కిలి చేరువగా నుండి దానితోకూడ వచ్చినది. పేరులోని బంగారము పోయి, ప్రాణము దక్కినది. విత్తనపు వర్తకుడు కల్తీచేసినచో పట్టుకొనుటకు ఆ రంగుభేదము రైతునకు ఉపకరించుచున్నది కూడ.

ఈ గింజవలన మేలు పొందినవారెవరు? 2013లో ప్రకటితమైన ఒడిశా క్షేత్రపరిశోధన యొకటి, పదిదినములు మునిగిన చేలలో స్వర్ణకంటె స్వర్ణ-సబ్1 నూటికి సుమారు నలుబదియైదు పాళ్ళు అధికముగా పండినదనియు, మునగని చేలలో దానివలన నష్టమేమియు లేదనియు తేల్చినది. అందులోనే మరియొక సంగతి కలదు: ముంపు తగిలెడి పల్లపు నేలలలో అణగారిన కులములవారి వాటా అధికము. ఇది యాదృచ్ఛికము కాదు. ఊరి మెరక ఎవరిది, పల్లము ఎవరిది యను ప్రశ్నకు చరిత్ర యెప్పుడో సమాధానము చెప్పియున్నది. భూములు పంచినప్పుడును, బంజరులు పట్టా యిచ్చినప్పుడును, మిగిలిన పల్లమే పేదకు దక్కుట ఒడిశాకు మాత్రము పరిమితమైన సంగతి యని నేను తలపను. మురుగుకాలువ త్రవ్వించినచో అందరి చేలును బాగుపడును, కాని అది ప్రభుత్వము చేయవలసిన పని, దశాబ్దములు పట్టును. విత్తనము ఒక బస్తాలో ఇంటికి వచ్చును. పరిపాలకులు రెండవదానిని చూపి మొదటిదానిని మరుగుపరచుటకు అవకాశము గలదన్న భయము నాకున్నది.

భయపడుటకు హేతువున్నది. సబ్-1 కాచునది పైరు పిలకలు వేయు దశలోనే. కార్తికమున కంకి వాలిన చేనిమీద తుపాను వచ్చి నీరు నిలిచినప్పుడు, పడిన కంకులలో గింజ మొలకెత్తును. ఆ నష్టమును ఏ సబ్-1యు ఆపజాలదు. 2012 నవంబరులో నీలం తుపాను వానలకు డెల్టా కోతచేలు మునిగిన తీరు పలువురకు జ్ఞాపకముండును. దానికి ముందటి యేడు, 2011 సార్వాలో, కోనసీమ రైతులు పంట పెట్టబోమని విరామము ప్రకటించినప్పుడు వారు చెప్పిన కారణములలో ధర, కూలి, పూడిన మురుగుకాలువలు అన్నియు ఉన్నవి. వారడిగినది జన్యువును కాదు.

కూలి మాట వచ్చినది గనుక ముషైరిబ్ వైపు ఒక్కమారు చూడవలెను. ఆకుతీతకును ఊడ్పులకును వంగిన నడుములలో కొన్ని నేడు గల్ఫు నగరముల పనులలో నున్నవి. ఊళ్ళో మిగిలినవారికి ఊడ్పుకూలి భారమైనది. అందుచే డెల్టాలోను, ఇతరచోట్లను, ఆకుమడియే లేకుండ మొలకకట్టిన గింజను తిన్నగా దమ్ములో వెదజల్లు పద్ధతి, డ్రమ్ముసీడరుతో వరుసలుగా జార్చు పద్ధతి పెరుగుచున్నవి. నెలదినముల ఆకు మునుగుట వేరు, నిన్న చల్లిన గింజ మునుగుట వేరు. సబ్-1 ఇచ్చట పనికిరాదు. పైగా ఇచ్చట కావలసినది దానికి వ్యతిరేకగుణము. గింజ యున్న పిండినంతయు త్వరగా కరగించుకొని, మొలకతొడుగును నీటిపైకి పొడవుగా చాచి, గాలి అందుకొనవలెను. ఆ శక్తి గల వరి బర్మాదేశపు ఖావ్ హ్లాన్ ఆన్ అను రకమున దొరికినది. మొలకకు పిండి యింకను కావలెనని గింజను నమ్మించెడి ఒక ఎంజైమును తయారుచేయు జన్యువు దానికి మూలమని 2015లో కనుగొనిరి. అదియును తొమ్మిదవ క్రోమోజోము మీదిదే. మొదటి వారమున ఖర్చుపెట్టుమని చెప్పు జన్యువును, రెండవ నెలలో ఖర్చు మానుమని చెప్పు జన్యువును ఒక్క మొక్కలో కూర్చిన వంగడములు లాస్ బాన్యోసున ఇప్పటికే తయారై పరీక్షకు నిలిచినవి. రెండును ఒకదానికొకటి అడ్డుపడుట లేదని అచ్చటివారు చెప్పుచున్నారు.